మూడు కెమెరాల దృశ్యాల మధ్య మారడానికి ప్రతిసారీ పై ట్రాకును కోయాలా?

వీడియో ఎడిటింగ్‌లో మూడు కెమెరాల దృశ్యాలను మూడు ట్రాకుల్లో (ఒకదాని మీద ఒకటి ఉండే వరసల్లో) పేర్చి, కావలసిన చోటల్లా పై ట్రాకును కోసి తీసేస్తున్నానని, గంట కార్యక్రమానికి నాలుగు రోజులు పడుతోందని, ఇంతకంటే సులువైన దారి ఏదైనా ఉందా అని మీరు అడిగారు. ఉంది. హైదరాబాదులో నాట్య ప్రదర్శనల వీడియోలు చేయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఏడాది పాటు అలాగే కోసుకుంటూ కూర్చున్నాను. ప్రీమియర్ ప్రో, డావించి రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ మల్టీక్యామ్ అనే సదుపాయం ఉంది. మూడు క్లిప్పులనూ ఒకే మల్టీక్యామ్ క్లిప్పుగా చేసి, మల్టీక్యామ్ వ్యూ తెరిచి, ప్లే అవుతుండగా 1, 2, 3 మీటలు నొక్కుతూ పోతే దృశ్యం ఆ కెమెరాకు మారుతుంది, కట్ దానంతటదే పడుతుంది. తప్పు మీట నొక్కినా కట్‌ను అలాగే ఉంచి కెమెరాను మాత్రం తరువాత మార్చుకోవచ్చు.

మీటలు నొక్కడం అరగంటలో అలవాటవుతుంది. శ్రద్ధ పెట్టవలసింది అంతకుముందు చేసే సింక్ మీద, అంటే అన్ని క్లిప్పులూ ఒకే క్షణానికి కుదిరేలా చూడడం మీద. శబ్దాన్ని బట్టి కలపమంటే సాఫ్ట్‌వేరే కలుపుతుంది కానీ, దాన్ని పూర్తిగా నమ్మి నేను ఒకసారి ఇబ్బంది పడ్డాను. రవీంద్రభారతిలో జరిగిన ఒక కూచిపూడి ప్రదర్శనకు సౌండ్ కన్సోల్ (హాలు మైకులన్నీ కలిసే మిక్సర్) నుంచి ఆడియో తీసుకుని, ఒక కెమెరాను హాలు చివర పెట్టాను. ఇంటికొచ్చి చూస్తే, ఆ కెమెరాలో మాత్రం గజ్జెల చప్పుడు కంటే ముందే పాదం నేలను తాకుతోంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు కాబట్టి, 27 మీటర్ల దూరంలో ఉన్న కెమెరాకు శబ్దం రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. ఆలస్యంగా చేరిన ఆ శబ్దాన్ని కన్సోల్ శబ్దంతో సరిపెట్టేసరికి దృశ్యం రెండు ఫ్రేములు తొందరపడుతుంది. ఆ క్లిప్పును రెండు ఫ్రేములు కుడివైపు జరిపితే సరిపోతుంది. ఫోనుతో తీసిన వీడియో ఉంటే దాని ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు కనుక మొదట్లో కుదిరిన సింక్ చివరికి తప్పవచ్చు. ముందే స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి.

ఆడియోను మాత్రం కెమెరాతో పాటు మార్చకండి. మారిస్తే ప్రతి కట్ దగ్గరా హాలు మోత మారి చెవికి కొడుతుంది. కన్సోల్ ఆడియోను మొదటి నుంచి చివరి దాకా ఒకే ట్రాకులో పరిచి, లాక్ చేసి, చప్పట్ల కోసం ముందున్న కెమెరా శబ్దాన్ని దాని కింద సన్నగా కలపండి. జరిపిన వెనుక కెమెరా శబ్దాన్ని కలిపితే ప్రతిధ్వనిలా వినిపిస్తుంది.

జతి (పాదాలతో పలికించే లయ వరుస) ముగింపు చూసి మీట నొక్కేసరికి వేలు ఎప్పుడూ కాస్త వెనకబడుతుంది. అందుకే మొత్తం పూర్తయ్యాక కట్ పడే చోటును మాత్రమే జరిపే రోలింగ్ ఎడిట్ టూల్‌తో చాలా కట్‌లను నాలుగైదు ఫ్రేములు ఎడమవైపు జరుపుతాను. ఒకసారి తరంగం అనే కూచిపూడి అంశంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచున నిలబడి ఆడుతున్నప్పుడు, అభినయం బాగుందని మొహమాటం లేకుండా ముఖం దగ్గరి దృశ్యాలే వేశాను. చూసిన గురువుగారు, "పళ్లెం ఏదండీ?" అన్నారు. ఆ భాగానికి ఇప్పుడు పాదాలు కనిపించే దృశ్యాన్నే ఉంచుతున్నాను.

మీ ల్యాప్‌టాప్‌లో మూడు 4కె దృశ్యాలు ఆగి ఆగి నడుస్తుంటే, మల్టీక్యామ్ క్లిప్పు చేయడానికి ముందే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేసుకోండి.