నోటిలెక్కలో గుణకారం: ఎడమ నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న సారాంశం ఇది: ఎక్కాలు 20 దాకా వచ్చు, షార్ట్‌కట్ వీడియోలు బోలెడు చూశారు, అయినా పరీక్షలో 73×46 లాంటిది కనపడగానే చెయ్యి రఫ్ వర్క్ మీదకే పోతోంది. ఇంకా ఏ ట్రిక్కులు నేర్చుకోవాలి, వేద గణితం కోర్సులో చేరాలా అని అడిగారు.

కొత్త ట్రిక్కులు ఇప్పుడే అక్కర్లేదు. బడిలో నేర్పిన పద్ధతి కాగితం కోసం పుట్టింది. ఒకట్ల నుంచి మొదలుపెట్టి, మిగులు పైన వేసుకుంటూ, వరస కింద వరస రాసి చివర్లో కూడతాం. దాన్నే తలలో చేయబోతే 73×6 అంటే 438 ఒక మూల, 73×4 అంటే 292 ఇంకో మూల, రెండోదాన్ని ఒక స్థానం జరపాలన్న సంగతి మరో మూల పెట్టుకోవాలి. పైగా జవాబు తోక నుంచి తలకి వస్తుంది. గుణకారం వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే జారిపోతారు. నోటిలెక్కకి ఒకటే నియమం: ఏ క్షణంలోనైనా మనసులో నడిచే మొత్తం ఒక్కటే ఉండాలి.

అది కుదరాలంటే ఎడమ నుంచి చెయ్యాలి. తెలుగులో సంఖ్యని పలికేదే పెద్ద స్థానం నుంచి కాబట్టి మనకిది సులువు. 68×7 చూడండి: అరవై ఏళ్ళు (60×7) నాలుగు వందల ఇరవై, ఎనిమిదేళ్ళు యాభై ఆరు, మొత్తం 476. కొన్నాళ్ళకి మనసులో "420... 476" అని రెండే మాటలు మిగలాలి. "420కి 56 కలిపితే ఎంత" అని వాక్యం మొత్తం అనుకునే అలవాటు ఉంటే ముందు అది మానండి, సగం టైం దానికే పోతుంది. రెండంకెల సంఖ్యని ఒక అంకెతో గుణించడం మూడు సెకన్లలో వచ్చేదాకా మిగతావేవీ ముట్టుకోవద్దని నా గట్టి సలహా. కింద చెప్పేవన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇప్పుడు 73×46. రెండింటిలో దేన్ని విడగొట్టాలి? ఒకట్ల స్థానంలో చిన్న అంకె ఉన్నదాన్ని. 46ని విడగొడితే 2920కి 438 కలపాలి. 73ని విడగొడితే 46×70 అంటే 3220, దానికి 46×3 అంటే 138 కలపాలి, 3358. జవాబు అదే కానీ రెండోసారి కలిపేది చిన్నది. 138 ఒకేసారి మింగుడుపడకపోతే ముందు వంద (3320), తర్వాత 38.

ఒకట్లలో 8, 9 ఉంటే పై పదికి వెళ్ళి వెనక్కి రండి. 64×39 అంటే 64×40 లోంచి ఒక 64 తీసెయ్యడం. 2560 లోంచి 64 తీసేటప్పుడు వంద తీసి 36 కలపండి: 2460, 2496. ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే 64కి బదులు 39 తీసెయ్యడం, లేదా ఒక్కటే తీసెయ్యడం. "నలభై అరవైనాలుగుల్లో ఒక అరవైనాలుగు ఎక్కువైంది" అని మనసులో అనుకుంటే ఆ తప్పు రాదు.

ఈ రెండూ చేతికొచ్చాక షార్ట్‌కట్లు పనికొస్తాయి, అదీ జత చూడగానే గుర్తుపట్టగలిగినవే. పదుల అంకె ఒకటే, ఒకట్లు కలిపితే పది: 43×47. నాలుగుని దాని పై అంకె ఐదుతో గుణిస్తే 20, మూడేళ్ళు 21, పక్కపక్కన 2021. 61×69కి 42, 9 వస్తాయి. ఇక్కడ చాలామంది 429 అనేస్తారు. వెనక భాగానికి ఎప్పుడూ రెండు గళ్ళు ఉంటాయి, కాబట్టి 4209. ఒక గుండ్రటి సంఖ్యకి రెండు వైపులా సమాన దూరంలో ఉంటే దాని వర్గంలోంచి దూరం వర్గం తీసెయ్యండి: 47×53 అంటే 2500లోంచి 9 పోగా 2491. 36×44 అంటే 1600లోంచి 16 పోగా 1584. సరిసంఖ్య పక్కన 5తో ముగిసేది ఉంటే ఒకదాన్ని సగం, ఇంకోదాన్ని రెట్టింపు: 35×18 కాస్తా 70×9 అయిపోతుంది, 630. 25తో అయితే నాలుగో వంతు చేసి వందలు: 25×48 పన్నెండు వందలు. 37 కనపడితే మూడు కోసం వెతకండి, 37×3 సరిగ్గా 111. అందుకే 37×24 అంటే 111×8, 888. చూడటానికే ముచ్చటగా ఉంటుంది.

వంద దగ్గరి సంఖ్యల పద్ధతి అందరికీ ఇష్టం, తప్పులూ అందులోనే ఎక్కువ. 97×94లో లోట్లు, అంటే వందకి ఎంత తక్కువో అవి, 3, 6. 97లోంచి 6 తీస్తే 91, లోట్ల గుణకారం 18, జవాబు 9118. 98×97కి 95, 6 వస్తాయి, అది 956 కాదు, 9506. 88×87కి లోట్లు 12, 13. ముందు భాగం 75, వెనక 156. పక్కన పెట్టి 75156 అంటే పోయినట్టే, 100×100 పదివేలే కదా. 75 అంటే 75 వందలు అని పలకండి: 7500కి 156 కలిపితే 7656. ఇలా "వందలు" అని పలికితే సున్నా గొడవా, మూడంకెల గొడవా రెండూ పోతాయి. ఒకటి వందకి పైన, ఒకటి కింద ఉంటే వెనక భాగం తీసివేత అవుతుంది: 103×96 అంటే 9900లోంచి 12 పోగా 9888. లోట్లు రెండూ పదిహేను దాటితే ఈ దారి వదిలెయ్యండి. 78×83లో లోట్లు 22, 17. ఆ గుణకారమే ఒక లెక్క. దానికన్నా 78×80 అంటే 6240, దానికి 234 కలిపి 6474 అనడం నయం.

వేద గణితం సంగతి. పూరీ శంకరాచార్యులుగా ఉన్న భారతీ కృష్ణ తీర్థ స్వామి పుస్తకం 1965లో అచ్చయ్యాక ఆ పేరు బాగా వాడుకలోకి వచ్చింది. పైన చెప్పిన లోట్ల పద్ధతి అందులో నిఖిలం సూత్రం. తొమ్మిదో తరగతి బీజగణితం తెలిస్తే అది ఎందుకు పనిచేస్తుందో మీరే విడగొట్టి చూసుకోవచ్చు, కోర్సు ఫీజు కట్టక్కర్లేదు. నిలువుగా, అడ్డంగా గుణించే ఊర్ధ్వ తిర్యక్ పద్ధతిని మామూలుగా కుడి నుంచి నేర్పుతారు. తలలో మాత్రం ఎడమ నుంచే చెయ్యండి: 73×46కి ముందు 7×4, 28 వందలు, తర్వాత 7×6, 3×4 అంటే 42, 12 కలిపి 54 పదులు, చివర 3×6, 18. అంటే 2800, 3340, 3358.

పరీక్ష కోసం కాబట్టి సరిచూడటం కూడా నేర్చుకోవాలి, ఒక్కోసారి అదే గుణకారం అవసరం లేకుండా చేస్తుంది. 73×46కి ఆప్షన్లు 3348, 3358, 3368, 3378 అనుకోండి. అన్నీ 8తోనే ముగిశాయి, చివరి అంకె సాయం చెయ్యదు. అంకెలు కూడండి: 73కి 10, అంటే 1. 46కీ 10, అంటే 1. జవాబుకీ 1 రావాలి. ఆప్షన్లకి వరసగా 9, 1, 2, 3 వస్తాయి, 3358 ఒక్కటే మిగిలింది. ఈ పరీక్ష తప్పిన జవాబు కచ్చితంగా తప్పే. నెగ్గినంత మాత్రాన ఒప్పు అని కాదు. 3385కి కూడా 1 వస్తుంది, అంకెలు తారుమారైతే ఇది పట్టదు. అందుకే చివరి అంకెని కూడా చూడాలి, మూడార్లు పద్దెనిమిది, 8తో ముగియాలి.

సాధనకి పుస్తకం కూడా అక్కర్లేదు. బస్సులోంచి కనపడే బండి నంబరు ప్లేట్లు చాలు. 4738 కనపడితే 47×38: రెండోది 8తో ముగిసింది కాబట్టి 47×40 అంటే 1880, లోంచి రెండు 47లు 94. వంద తీసి ఆరు కలిపితే 1786. రోజూ పది నిమిషాలు, వారానికి ఒకే పద్ధతి. మొదటి రెండు వారాలు నంబరులో మొదటి రెండంకెల్ని చివరి అంకెతో మాత్రమే గుణించండి.