ఒలింపిక్స్ సైకిల్ రోడ్ రేసులో బలమైనవాడు మొదట్లోనే ఎందుకు ముందుకు పోడు?

మీరు అడిగినవి మూడు. పారిస్ ఒలింపిక్స్ మగవాళ్ల సైకిల్ రోడ్ రేసు మొత్తం చూశానన్నారు. ఆ రేసు గెలిచిన, అంత బలమున్న బెల్జియం రైడర్ ఎవెనెపూల్ గంటల తరబడి గుంపులో ఉండటం ఎందుకు, మొదట్లోనే వెళ్లిపోవచ్చు కదా అన్నది ఒకటి. పతకం ఒక్కడి మెడలో పడేటప్పుడు కొన్ని దేశాల నుంచి నలుగురేసి ఎందుకన్నది రెండోది. అంతమందిలో మనవాళ్లు ఒక్కరూ ఎందుకు లేరన్నది మూడోది.

మొదటి రెండింటికీ జవాబు గాలిలోనే ఉంది. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. చాలా ఏళ్లుగా రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. ఈమధ్య పొద్దున పూట కొందరు హైస్కూలు పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని తొక్కిస్తున్నాను. ఆషాఢంలో మా ఊరి నుంచి రాయచూరు రోడ్డు మీద దేవరకద్ర దాకా ఒక్కరే తొక్కి చూడండి. నైరుతి గాలి నేరుగా ఛాతీకే కొడుతుంది. ఎత్తు పెద్దగా ఏమీ ఉండదు, అయినా గేర్లు దించుకుంటూనే పోవాలి. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. అదే రోడ్డు మీద ముందు ఒక మనిషిని పెట్టుకుని, అతని వెనక చక్రానికి జానెడు దూరంలో మీ ముందు చక్రం ఉంచి తొక్కితే ఆ హోరు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ముందువాడి చైను చప్పుడు కూడా వినపడుతుంది. కాళ్లకు ఎక్కడి నుంచో సత్తువ వచ్చినట్టు ఉంటుంది.

లెక్క చూస్తే వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఆ అడ్డును తోసుకుపోవడానికి పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. గంటకు 40 కి.మీ. దాటితే చదును రోడ్డు మీద పడే శ్రమలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. బెర్ట్ బ్లాకెన్ అనే శాస్త్రవేత్త బృందం 121 మంది రైడర్ల గుంపును నమూనాగా తీసుకుని 2018లో లెక్కలు కట్టింది. గుంపు నడుమ, వెనక భాగంలో ఉన్నవాడి మీద పడే గాలి అడ్డు, ఒంటరిగా తొక్కేవాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమే ఉంటుందని తేలింది. అంటే గుంపులో దాక్కున్నవాడు బద్ధకంగా ఉన్నాడని కాదు, రాబోయే గంటల కోసం కాళ్ల సత్తువ దాచుకుంటున్నాడు.

ఇక పారిస్ రేసు దూరం తీసుకోండి. 2024 ఆగస్టు 3న వాళ్లు తొక్కింది 273 కి.మీ. హైదరాబాద్‌లో బయల్దేరి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడ చేరితే దాదాపు అంత దూరం. రెమ్కో ఎవెనెపూల్ దాన్ని 6 గంటల 19 నిమిషాల 34 సెకన్లలో పూర్తి చేశాడు. సగటున గంటకు 43 కి.మీ. పైనే. మన బస్సు కూడా అటూ ఇటుగా అంత సమయమే తీసుకుంటుంది. పైగా దారి చదును కాదు, ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే 2,800 మీటర్లు. ఆ దూరమంతా గాలికి ఎదురొడ్డి ఒక్కడే తొక్కాలంటే ఎంతటివాడికైనా కాళ్లు పడిపోతాయి.

అయినా మొదట్లోనే ముందుకు పోయినవాళ్లు ఉన్నారు, మీరు గమనించే ఉంటారు. రువాండా, ఉగాండా, మొరాకో, మారిషస్, థాయిలాండ్ రైడర్లు మొదట్లోనే గుంపును వదిలి వెళ్లిపోయారు. తాము గెలవమని వాళ్లకూ తెలుసు, వెనక గుంపుకూ తెలుసు. అందుకే ఎవరూ వెంటపడలేదు. కానీ ఒలింపిక్ రేసును తమ దేశం జెర్సీ నడిపిస్తుంటే ప్రపంచమంతా చూస్తుంది. ఆ కాసేపటి కోసం వాళ్లు పడ్డ కష్టం నాకు ఆ రోజు రేసులో అన్నిటికంటే ఎక్కువ నచ్చింది. మా పిల్లలకు ఆ వీడియోనే ముందు చూపించాను.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. గుంపులో తొక్కడం పుట్టుకతో రాదు. కొత్తగా వచ్చినవాడు ముందువాడి చక్రాన్నే కళ్లార్పకుండా చూస్తాడు. అది కాస్త పక్కకు జరగగానే బెదిరి బ్రేకు పట్టేస్తాడు, వెనకవాళ్లు వచ్చి మీద పడతారు. ‘చక్రం చూడకురా, వాని నడుము చూడు, భుజాల మీదుగా రోడ్డు చూడు’ అని రోజూ చెప్పాలి. ముందున్నవాడు అలసిపోతే మోచేయి కొద్దిగా బయటికి ఆడిస్తాడు, అంటే ‘నువ్వు రా’ అని. తను పక్కకు తప్పుకుని మెల్లగా వెనక్కి జారతాడు. రెండోవాడు ముందుకొచ్చి వేగం పెంచకూడదు, ఉన్న వేగమే నిలపాలి. పదహారేళ్లవాడికి ఇదే అన్నిటికంటే కష్టం. ముందు చోటు దొరకగానే నిలబడి తొక్కేయాలనిపిస్తుంది. మా పిల్లల్లో ఒకడు నిరుడంతా అలాగే చేసేవాడు. ఇప్పుడు అందరికంటే నిలకడగా ముందుండి గాలి మోసేది వాడే.

పక్క గాలి కొట్టినప్పుడు ఇంకో చిక్కు. అప్పుడు నేరుగా వెనక ఉంటే లాభం లేదు, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని రెండో పక్కకు ఏటవాలుగా వరుస కట్టాలి. రోడ్డు వెడల్పు అయిపోయాక మిగిలినవాళ్లకు చాటు ఉండదు. గుంపు ముక్కలయ్యేది అక్కడే. భూత్పూర్ బైపాస్ దగ్గర రోడ్డు మలుపు తిరగగానే మాకు ఇది బాగా తెలుస్తుంది.

నలుగురు ఎందుకంటే, గాలిని ఎవరో ఒకరు మోయాలి కాబట్టి. దాంతోపాటు ఇంకో పని కూడా ఉంటుంది. ప్రత్యర్థిని కదలనివ్వకుండా కాచుకోవడం. పారిస్‌లో బెల్జియానికి ఎవెనెపూల్‌తో పాటు వౌట్ వాన్ ఆర్ట్ ఉన్నాడు. నెదర్లాండ్స్ నుంచి అప్పటి ప్రపంచ విజేత మాథ్యూ వాన్ డర్ పూల్ ఉన్నాడు. వాన్ డర్ పూల్ మోన్‌మార్త్ గుట్ట మీద దూకుడు చూపించగానే వాన్ ఆర్ట్ అతని చక్రం పట్టుకుని నీడలా వెంట పడ్డాడు. అక్కడివాళ్లంతా ఈ ఇద్దరినే చూస్తున్నారు. ఎవెనెపూల్ ఇంకా దాదాపు 38 కి.మీ. ఉండగా గుంపులోంచి వెళ్లిపోయాడు. వెనక వాన్ ఆర్ట్ ఉన్నంతసేపూ ఎవరైనా వెంటపడితే ఆ కష్టమంతా బెల్జియం రెండో నాయకుణ్ణి ఉచితంగా మోసుకెళ్లడానికే పనికొస్తుంది. అందుకే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాన్ ఆర్ట్‌కు పతకం రాలేదు. కానీ ఆ బంగారంలో అతనికి వాటా ఉందని సైకిల్ తెలిసినవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటారు.

ఎవెనెపూల్ ముందున్న చిన్న గుంపును అందుకున్నాడు, ఒక్కొక్కరినీ వదిలించుకున్నాడు. చివరిదాకా అంటిపెట్టుకున్నది ఫ్రాన్స్ రైడర్ వాలెంటిన్ మదువా. అతన్నీ ఇంకో 15 కి.మీ. ఉందనగా విడిపించుకున్నాడు. ఇక అక్కడి నుంచి గాలికి ఒంటరిగానే. ఆ పని అతనికి కొత్త కాదు. వారం ముందే, జులై 27న, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో బంగారం గెలిచాడు. అందులో చాటు అన్న మాటే ఉండదు, ఎవరి గాలి వాళ్లే చీల్చుకోవాలి. ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండూ గెలిచిన మొదటి మగవాడు అతనే. అంటే మీ ప్రశ్నకు సూటి జవాబు ఇది: అతను వెళ్లాడు, కాకపోతే తన కాళ్లు మోయగలిగినంత దూరం మిగిలినప్పుడు, వెనకవాళ్లు కలిసి తరమలేని ఘడియ చూసి వెళ్లాడు.

చివర్లో ఇంకో నాలుగు కి.మీ. కూడా లేదనగా వెనక చక్రం పంక్చర్ అయింది. కారు వైపు తిరిగి సైకిల్ కోసం అరుస్తుంటే నేను ఇంట్లో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా రోడ్ల పక్క తుమ్మ ముళ్లతో పంక్చర్ మాకు మామూలే, పది నిమిషాలు ఆగి ట్యూబ్ మార్చుకుంటాం. వెనకవాళ్లతో అతనికి ఉన్న తేడా ఒక నిమిషం పైచిలుకు. ఆ సంగతి కూడా అతనికి సరిగ్గా తెలియదు. ఒలింపిక్స్‌లో రైడర్ల చెవిలో రేడియో ఉండదు. మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ రేసులో అయితే వెనక ఎవరున్నారు, ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నారు అన్నీ జట్టు కారు నుంచి చెప్తూనే ఉంటారు. ఇక్కడ మోటారు సైకిల్ మీద వచ్చి బోర్డు చూపించినప్పుడే తెలిసేది. అతను రెండో సైకిల్ ఎక్కి 1 నిమిషం 11 సెకన్ల తేడాతో గెలిచాడు. రజతం మదువాకు, కాంస్యం ఫ్రాన్స్‌కే చెందిన క్రిస్టోఫ్ లపోర్ట్‌కు.

రేడియో లేకపోవడం ఎంత తేడా తెస్తుందో టోక్యో ఆడవాళ్ల రేసు చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్ ముందే గెలిచేసింది. తర్వాత వచ్చిన నెదర్లాండ్స్ రైడర్ అనమీక్ వాన్ వ్లూటెన్ తనే మొదటిదాన్ననుకుని చేతులెత్తింది. ఎవరూ చెప్పనప్పుడు ముందు ఎంతమంది పోయారో రైడర్ తనే లెక్కపెట్టుకోవాలి. నేను ఒలింపిక్ రేసును టూర్ కంటే ఇష్టపడేది ఇందుకే. జట్టు చిన్నది, చెవిలో ఎవరూ లేరు, నిర్ణయం మొత్తం సైకిల్ మీదున్న మనిషిది.

జట్టు ఎంత గొప్పదైనా అందరూ కలిసి దాన్ని ఒంటరి చేయగలరని 2012 లండన్‌లో చూశాం. బ్రిటన్ దగ్గర ఆనాటి ప్రపంచ విజేత, స్ప్రింటర్ (చివరి గీత దగ్గర మెరుపు వేగంతో దూసుకుపోయేవాడు) మార్క్ కావెండిష్ ఉన్నాడు. అతని కోసం గాలి మోయడానికి బ్రాడ్లీ విగ్గిన్స్, క్రిస్ ఫ్రూమ్ అంతటివాళ్లు. గుంపు మొత్తం చివరిదాకా కలిసి వస్తే కావెండిష్ గెలవడం ఖాయమని అందరికీ తెలుసు. అందుకే మిగతా దేశాలు చేయి వేయలేదు. బాక్స్ హిల్ గుట్ట తొమ్మిది సార్లు ఎక్కేసరికి బ్రిటన్ వాళ్లు అలిసిపోయారు, ముందు పెద్ద గుంపు ఒకటి వెళ్లిపోయింది. చివర్లో ఇద్దరు మిగిలారు. కొలంబియాకు చెందిన రిగోబెర్టో ఉరాన్ ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూశాడు. ఆ క్షణంలోనే కుడి పక్క నుంచి కజకిస్తాన్ రైడర్ వినొకురోవ్ దూసుకుపోయాడు. 250 కి.మీ. తొక్కాక రేసు అక్కడ తేలింది.

దిగుడు గురించి మాత్రం ఒక్క మాట. 2016 రియోలో విన్సెంజో నిబాలి ముందున్నాడు, పతకం దాదాపు చేతిలో ఉంది, విస్టా చినేసా దిగుడులో పడిపోయి భుజం దగ్గరి ఎముక విరిగింది. బంగారం బెల్జియానికి చెందిన గ్రెగ్ వాన్ అవర్మాట్‌కు వెళ్లింది. మన్ననూరు మీదుగా శ్రీశైలం తొక్కేవాళ్లకు చెప్తున్నాను, దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఎవరితోనూ పోటీ పెట్టుకోకండి. ఎక్కడం కాళ్ల పని, దిగడం చేతుల మీద అదుపు.

ఇక మనవాళ్ల సంగతి. పారిస్‌కు భారత్ నుంచి సైక్లింగ్‌లో ఎవరూ అర్హత సాధించలేదు. మగవాళ్ల రోడ్ రేసులో ఉన్నవి 90 చోట్లు. ఎక్కువ భాగం అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ర్యాంకింగ్ చూసి దేశాలకు పంచుతారు. ర్యాంకింగ్ రావాలంటే ఏడాది పొడవునా గుర్తింపు ఉన్న రోడ్ రేసులు తొక్కాలి. మన దగ్గర పట్టు దొరికింది ట్రాక్ మీద. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా ట్రాక్ పోటీల్లో రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో రజతం తెచ్చాడు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో వెలోడ్రోమ్, అంటే సైకిల్ రేసుల ట్రాక్, కూడా ఉంది. రోడ్ రేసుకు వెలోడ్రోమ్ అక్కర్లేదు, రోడ్డు మూయాలి. 2010 కామన్‌వెల్త్ క్రీడలప్పుడు ఢిల్లీలో ఇండియా గేట్ చుట్టూ రోడ్లు మూసి 168 కి.మీ. రేసు పెట్టారు, ఆస్ట్రేలియా రైడర్ అలన్ డేవిస్ గెలిచాడు. మూయాలనుకుంటే మూయగలమని అప్పుడే రుజువైంది.

మా పిల్లలకు దొరకనిది అదే. పక్కన లారీలు పోతుంటే గుంపుగా తొక్కడం, వరుస మార్చుకోవడం, ఏటవాలుగా నిలబడటం నేర్పలేం. మంచి రోడ్ సైకిల్ ధర పత్తి చేను మీద బతికే ఇంటికి చిన్న మొత్తం కాదు. కానీ సైకిల్ ఎలాగోలా వస్తుంది, పాతది కొనొచ్చు, నలుగురూ చందా వేయొచ్చు. ఆదివారం పొద్దున రెండు మూడు గంటలు ఒక రోడ్డు మూసి, జిల్లా రేసు ఒకటి ప్రతి సంవత్సరం పెడితే పాలమూరు, నల్గొండ, నాగర్‌కర్నూల్ పిల్లల్లో తొక్కగలిగేవాళ్లు బయటపడతారు. ఎదురు గాలిలో తలవంచి తొక్కే పిల్లలు ఇక్కడ ఉన్నారు, నేను రోజూ చూస్తున్నాను.

మీది నల్గొండ అన్నారు, మీ అబ్బాయికి ఆసక్తి ఉందన్నారు. హాలియా నుంచి సాగర్ వైపు పొద్దున్నే ట్రాఫిక్ పెరగకముందు తొక్కించండి. వానాకాలంలో అటు పోయేటప్పుడు గాలి ఎదురుంటుంది, అలిసిపోయి తిరిగి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. మొదట ఒక్కడి వెనక తొక్కడం అలవాటు చేయండి, గుంపు తర్వాత. హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేకుండా మాత్రం రోడ్డెక్కనివ్వకండి.