డీజే అవ్వడానికి రెండున్నర లక్షల లోన్ అవసరమా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాను. ఐటీ సపోర్ట్ ఉద్యోగంలో నెలకు 42 వేలు చేతికొస్తాయి. అద్దె, ఖర్చులు, ఇంటికి పంపేది పోను 9 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీలో 90 వేలున్నాయి. క్లబ్ డీజే కావాలని ఉంది. రెండున్నర లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, 60 వేల కోర్సులో చేరి, మిగతా డబ్బుతో సెకండ్‌హ్యాండ్ క్లబ్ ప్లేయర్లు (డీజేలు పాటలు వాయించే యంత్రాలు) కొందామనుకుంటున్నాను. ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: డీజేయింగ్ తప్పకుండా నేర్చుకోండి. లోన్ మాత్రం వద్దు. ఉద్యోగం ఇప్పుడే మానకండి.

14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,545 రూపాయలు. మీకు మిగిలే 9 వేలూ దానికే సరిపోతాయి. వడ్డీ కిందే 57 వేలకు పైగా కడతారు. జీతం కూడా ఆగిపోతే మొదటి నెల నుంచే టెన్షన్.

అసలు ఆ ప్లేయర్లు మీరెందుకు కొనాలి? క్లబ్‌లో ప్లేయర్లు, మిక్సర్, స్పీకర్లు క్లబ్‌వే ఉంటాయి. డీజే చాలాసార్లు పెన్‌డ్రైవ్, హెడ్‌ఫోన్స్‌తో వెళ్తాడు. నేర్చుకోవడానికి పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి చిన్న కంట్రోలర్ చాలు. సుమారు 30-40 వేలలో దొరుకుతుంది, మీ ల్యాప్‌టాప్‌తో పనిచేస్తుంది. దాంతో వాడే రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లోనే పాటలు సర్ది, క్యూ పాయింట్లు (పాటలో ఎక్కడ నుంచి వాయించాలో చెప్పే గుర్తులు) పెట్టి, పయనీర్ క్లబ్ ప్లేయర్లకు పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవచ్చు. ఎఫ్‌డీలోంచి ఆ మేరకే తీయండి. మిగిలినది కదపకండి.

కొన్ని నెలలు రోజూ గంటైనా సాధన చేయండి. బీట్ మ్యాచింగ్ (రెండు పాటల వేగం, తాళం కలపడం), పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో పట్టుకోవడం ఇంట్లోనే వస్తాయి. ఆసక్తి అప్పటికీ తగ్గకపోతే కోర్సుకు వెళ్లండి. ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి: ప్లేయర్ల మీద నా చేతికి ఎన్ని గంటలు ఇస్తారు? సర్టిఫికెట్ చూసి క్లబ్‌లు పిలవవు, మీరు వాయించిన సెట్ (వరుసగా కలిపి వాయించిన పాటలు) విని పిలుస్తాయి. వాయిదాల్లో కట్టనిస్తే నెలనెలా మిగిలే డబ్బుతోనే కోర్సు పూర్తవుతుంది.

ఆదాయం గురించి కూడా చెప్పాలి. కొత్తవాళ్లకు ముందు దొరికేవి వారం మధ్య రోజులు, జనం రాకముందు వాయించే వార్మప్ సెట్లు. డబ్బు తక్కువ, అదీ ఆలస్యంగా రావచ్చు. సంగీత్‌లు, రిసెప్షన్లు ఆదుకుంటాయి కానీ ఆషాఢం, మూఢం వస్తే అవీ ఆగిపోతాయి. ఎన్నికల డ్రై డేలు సరేసరి. ఊరేగింపుల కోసం సౌండ్ సిస్టమ్ కొందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. అలాంటి ఒక్క ఉత్తర్వుతో పెట్టుబడంతా మూలనపడుతుంది.

ప్రైవేటు ఈవెంట్లకు సగం అడ్వాన్స్ వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. గిగ్ (డీజేగా చేసే ప్రోగ్రామ్) డబ్బుకు వేరే ఖాతా పెట్టండి. డబ్బిచ్చేవాళ్లు టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కోసుకుంటే ఆదాయపు పన్ను పోర్టల్‌లో సరిచూసి, రిటర్న్‌లో చూపించండి. మీ కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉన్నా అది ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి సొంత ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. మంచి ఇయర్‌ప్లగ్స్ కూడా కొనండి, ఈ వృత్తిలో మీ సంపాదన చెవుల మీదే ఆధారపడుతుంది.

ఉద్యోగం మానే రోజు ఎప్పుడంటే, గిగ్స్ లేని నెలలతో కలిపి ఏడాది సగటు తీస్తే నెలకు 33 వేలు దాటాలి. మీ ఖర్చులు, ఇంటికి పంపేది కలిపి అంతే కదా. దానికి తోడు ఆరు నెలల ఖర్చు, అంటే దాదాపు 2 లక్షలు, బ్యాంకులో ఉండాలి. ఆ రెండూ కుదిరాక ధైర్యంగా రాజీనామా ఇవ్వండి.