తెరంగేట్రంలో ‘ర’ ఎక్కడ పోయింది?

సందేహం: సురభి కమలాబాయి గురించి మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తూ ‘1932లో భక్తప్రహ్లాద చిత్రంతో తెరంగేట్రం చేశారు’ అన్నాను. మా మాస్టారు ఎర్ర ఇంకుతో ‘అరంగేట్రం’ అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: మీ వాక్యమే ఉంచండి. మాస్టారు దిద్దడానికీ కారణం లేకపోలేదు.

అరంగేట్రం తమిళం నుంచి వచ్చిన మాట. మన రంగం తమిళంలో అరంగం అవుతుంది. పదం మొదట్లో రేఫ, అంటే ‘ర’, ఆ భాషకు పడదు. అందుకే శ్రీరంగాన్ని వాళ్లు తిరువరంగం అంటారు. ఏట్రం అంటే ఎక్కించడం. నీళ్లు తోడే మన ఏతం దీనికి దగ్గరి చుట్టమే. మొత్తానికి అరంగేట్రమంటే వేదిక ఎక్కడం. తమిళులు నాట్యానికే కాదు, కొత్త కావ్యాన్ని పండితసభలో వినిపించడానికీ ఇదే మాట వాడారు.

దీనికి మన పత్రికలవాళ్లు తెర తగిలించారు. తెర + అరంగేట్రం, సంధి చేస్తే ‘తెరరంగేట్రం’ కావాలి. పక్కపక్కన రెండు ‘ర’లు పలకలేక నాలుక ఒకటి మింగేసింది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా జనం నోట నిలిచింది, అర్థానికి ఢోకా లేదు. నాకైతే ముచ్చటైన మాటే. కాకపోతే సినిమాకే వాడాలి. నాటకంలో తెర లేచాక నటుడు కనబడతాడు, సినిమాలో తెరమీదే కనబడతాడు. రంగస్థల నటుడికి తెరంగేట్రం అంటగడితే ఆ తెర ఏదో తేలదు. ఈమధ్య ‘తొలిసారి తెరంగేట్రం’, ‘మళ్లీ తెరంగేట్రం’ అని కూడా చూస్తున్నాను. మొదటిది అనవసరం, రెండోది అసాధ్యం.

మీ వ్యాసంలో ఇంకో చిక్కు ఉంది. ‘బాల్యంలోనే రంగప్రవేశం చేశారు’ అని రాశారు. తల్లి నాటకం ఆడుతుండగా నొప్పులు వచ్చి కమలాబాయి వేదికమీదే పుట్టారని, ప్రేక్షకులు అదీ నాటకంలో భాగమే అనుకున్నారని చెబుతారు. అదే నిజమైతే ఆమె పుట్టుకే రంగప్రవేశం! ‘చిన్నప్పుడే ముఖానికి రంగు వేసుకున్నారు’ అని మార్చండి. నాటకాలవాళ్ల మాటా అదే. సంస్కృతంలో రంగ శబ్దానికి వేదిక, వర్ణం రెండూ అర్థాలే కాబట్టి రంగు, రంగం దూరపువి కావు.

మీ వ్యాసంలో ప్రహ్లాదుడి తల్లి ‘లీలావతి పాత్ర పోషించారు’ అన్నది తప్పు కాదు. రసపోషణ, పాత్రపోషణ మన నాటక విమర్శలో స్థిరపడ్డవే. ఇప్పుడు ఆ పోషణ రాజకీయాల్లోకి, వానల్లోకి కూడా పోయి, అల్పపీడనం సైతం ‘కీలక పాత్ర పోషిస్తోంది’. అది వేరే గోల. పాతతరం మాత్రం ‘వేషం కట్టారు’ అనేది. ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టారంటే చీర, జడ, నడక అన్నీ కళ్లముందుకొస్తాయి. ‘సత్యభామ పాత్ర పోషించారు’ అనగానే ఆ జడ కాస్తా మాయమైపోతుంది.