కెమెరా కొనడానికి ముందు ఒక పెళ్లిళ్ల సీజన్

ప్రశ్న: మాది మంచిర్యాల. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరంలో ఉన్నాడు. చదువు మానేసి ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్ అవుతానని, 1,60,000 రూపాయల కెమెరా కొనిపెట్టమని పట్టుబడుతున్నాడు. ఫోన్‌తో వాడు తీసే ఫోటోలు నిజంగానే బాగుంటాయి. చిట్టీ పాడితే ఆ డబ్బు చేతికొస్తుంది. పాడమంటారా? ఈ పనిని నమ్ముకుని బతకవచ్చా?

జవాబు: అమ్మా, చిట్టీ ఇప్పుడే పాడకండి. అలాగని అబ్బాయికి ఈ పని వద్దని కూడా చెప్పకండి. సలహాలిచ్చే పనిలోకి రాకముందు 14 ఏళ్లు నేను పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్టూడియో నడిపాను. ఆ పని మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉంది. ముందు అతన్ని ఒక సీజన్ పాటు అనుభవమున్న ఫోటోగ్రాఫర్ దగ్గర సహాయకుడిగా తిరగనివ్వండి.

మంచి ఫోటో తీయగలగడం వేరు, ఫలానా నిమిషంలో తీసి తీరడం వేరు. ముహూర్తం సంగతే చూడండి. తెల్లవారుజామున జీలకర్ర బెల్లం పెట్టే వేళ అడ్డుతెర తొలగుతుంది. వధూవరులు ఒకరినొకరు చూసుకునేది రెండు మూడు క్షణాలు. సరిగ్గా అప్పుడే బంధువులంతా ఫోన్లు పైకెత్తి ముందుకు వస్తారు, అక్షింతలు పడుతుంటాయి, బాజాల హోరులో పక్కవారి మాట వినబడదు. మళ్లీ ఒకసారి చేయండని ఎవరినీ అడగలేం. అందుకే అనుభవం ఉన్నవారు ముందుగానే పురోహితుడిని కలిసి, తెర ఎటువైపుకు తీస్తారో కనుక్కుని, తాము నిలబడే చోటు ఖాయం చేసుకుంటారు. ఎదుటి వైపు రెండో మనిషిని ఉంచుతారు. పెళ్లికూతురి మేనమామ ఎవరో, పెద్దత్త ఎవరో ముందురోజే అడిగి రాసుకుంటారు. మంచం దిగలేని నాయనమ్మ ఉంటే, పెళ్లి బట్టల్లోనే జంటను ఆమె పక్కన కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఇంటివాళ్లు ఆల్బమ్‌లో వెతుక్కునే ఫోటో అదే.

ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. అప్పట్లో నా కెమెరాలో ఒకే మెమరీ కార్డు పట్టేది. తలంబ్రాలు మొదలయ్యాక ఆ కార్డు చెడిపోయింది. అంతకు ముందు గంటసేపు తీసినవి ఎంత ప్రయత్నించినా తిరిగి రాలేదు. తీసుకున్న డబ్బంతా వెనక్కి ఇచ్చాను. పెళ్లికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు, తల దించుకుని కూర్చున్నారు. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ తర్వాత నేను రెండు కార్డులు పట్టే కెమెరానే వాడాను. ప్రతి ఫోటో రెండింట్లోనూ పడాలి. ఇంటికి రాగానే, ఎంత నిద్ర వస్తున్నా, రెండు హార్డ్ డిస్కులకు ఎక్కించాలి. మూడో ప్రతి వేరే ఇంట్లో ఉండాలి. అవన్నీ సరిచూసుకునే దాకా కార్డులు చెరపకూడదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫోటో, సుమారు 30 ఎంబీ అనుకుంటే, ఒక పెళ్లిలో తీసే 3,000 ఫోటోలకు 90 జీబీ కావాలి. కెమెరా ధర అడుగుతున్న మీ అబ్బాయి ఈ డిస్కుల ఖర్చు లెక్కలో వేశాడో లేదో అడగండి. రెండో లెన్సు, అదనపు బ్యాటరీలు, ఫ్లాష్ కూడా వేశాడేమో చూడండి.

బతుకుదెరువు ఉంది, కానీ నెలనెలా రాదు. వైశాఖం, శ్రావణం, మాఘం, ఫాల్గుణం వస్తే నిద్ర ఉండదు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో పిలుపులు ఉండవు. మూఢం వస్తే మంచి నెల కూడా ఖాళీగా పోతుంది. కొత్త పంచాంగం రాగానే ముహూర్తాలన్నీ గుర్తుపెట్టుకుని, ఖాళీ నెలలకు వేరే పని ముందే చూసుకోవాలి. చీరల ఫోటోలు అలాంటి పనే. పోచంపల్లి చీరలు నేసేవారు, చిన్న దుకాణాలవారు ఇప్పుడు వాట్సాప్‌లో అమ్ముతున్నారు. ఫోటోలో ఒక రంగు, పార్సిల్ విప్పితే మరో రంగు ఉంటే చీర తిరిగి వస్తుంది. కిటికీ వెలుతురులో, గ్రే కార్డు అనే బూడిదరంగు అట్ట పెట్టి రంగు సరిచేసి, జరీ మెరుపు వట్టి తెల్లమచ్చగా మారకుండా తీయగలిగినవాడిని వారు వదులుకోరు. పట్టు మీద వెలుగు ఎలా పడుతుందో బట్ట పట్టుకుని పని చేసే మీకు తెలుసు. ఆ సంగతి అబ్బాయికి మీరే చూపించవచ్చు.

డబ్బు వసూలు గురించి ఒక మాట. తారీఖు ఖాయం చేసేటప్పుడు మూడో వంతు, పెళ్లి రోజుకు చాలా భాగం తీసుకోవాలి. ఆల్బమ్ ఇచ్చేటప్పటికి ముద్రణ ఖర్చు మాత్రమే మిగలాలి. ఫోటోలు ఎంచి ఇవ్వడానికి కొన్ని కుటుంబాలు ఏడాది తీసుకుంటాయి, అంతవరకు ఆఖరి వాయిదా ఆగిపోతుంది. ఎంపికకు గడువు కాగితం మీద రాసుకోవాలి. మరో విషయం చాలామంది ఫోటోగ్రాఫర్లకే తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోపై హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. కాబట్టి తన పనిని ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించుకోవాలన్నా ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

బీకాం మానిపించకండి. ఖర్చులు రాయడం, ధర కట్టడం, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేసుకోవడం ఈ వృత్తిలో రోజూ పనికొచ్చేవే. రాజా దీన్‌దయాళ్ కూడా ఇందౌర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టారు, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయింది తర్వాతే. మీ అబ్బాయి ఫోటోగ్రఫీని పద్ధతిగా చదవాలనుకుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత చేరే నాలుగేళ్ల కోర్సు ఉంది. బీకాం రెండో ఏడులో ఉండగా దానికోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను.

ఇక చేయవలసింది. మీ ఊళ్లో పెళ్లిళ్లు తీసే ఒకరిని మీరిద్దరూ కలిసి వెళ్లి అడగండి. సెలవు రోజుల్లో లైటు పట్టుకోవడం, బ్యాగులు మోయడం, ఫోటోలు ఎక్కించడం మీ అబ్బాయి పని. రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి, ఉచితంగా మాత్రం పంపకండి. సీజన్ ముగిశాక కూడా ఇదే పని కావాలంటే, కొత్తదాని కోసం పట్టుబట్టకుండా రెండు కార్డులు పట్టే పాత కెమెరా ఒకటి, 50 ఎంఎం లెన్సు ఒకటి చూడమనండి. పెద్ద లెన్సులు రోజు అద్దెకు దొరుకుతాయి. అప్పుడు ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లాడో, ఎన్ని రాత్రులు మేలుకున్నాడో, ఎక్కడ తడబడ్డాడో రాసి అతన్నే నాకు పంపమనండి. చిట్టీ ఎంతకు పాడాలో ఆ ఉత్తరం చూశాక చెబుతాను.