ఆ పేరు పెట్టింది తండ్రే

సమస్య: మూడు నెలల క్రితం కాన్పులో నా భార్య చనిపోయింది. బాబు బాగున్నాడు. బెన్యామీను అని పేరు పెడదామంటే మా అత్తగారు "తల్లిని పోగొట్టుకున్నవాడి పేరు, వద్దు" అంటున్నారు. బాబు బట్టలు ఉతికి మడతపెడతారు గానీ వాణ్ని ఎత్తుకోరు. వాడి ముఖం చూస్తే నాకూ ఒక్కోసారి ఏడుపొస్తోంది.

సలహా: ఏడుపొస్తే ఏడవండి. మూడు నెలలు ఎంతని? బిడ్డ మీద ప్రేమ లేకపోతే వచ్చే ఏడుపు కాదది.

బైబిల్లోని ఆదికాండము 35వ అధ్యాయం మీ అత్తగారికి బాగా గుర్తున్నట్టుంది. ఎఫ్రాతాకు, అంటే బేత్లెహేముకు వెళ్లే దారిలో యాకోబు భార్య రాహేలుకు నొప్పులొచ్చాయి. ప్రాణం పోతూ బిడ్డను 'బెనోని' అని పిలిచింది. హెబ్రీలో 'నా దుఃఖపు కొడుకు' అని అర్థం. అత్తగారి మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

బెన్యామీను అన్నది మాత్రం తండ్రి యాకోబు. 'బెన్' అంటే కొడుకు, 'యామీన్' అంటే కుడిచేయి. తూర్పుకు తిరిగి నిలబడితే కుడివైపు దక్షిణం కాబట్టి ఆ మాటకు దక్షిణమనే అర్థమూ ఉంది. మన 'దక్షిణ' శబ్దానికీ ఆ రెండర్థాలూ ఉన్నాయి కదా! కుడిచేయి అంటే బలం, ఆసరా. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు, అపొస్తలుడైన పౌలు ఇద్దరూ ఈ బెన్యామీను గోత్రం వాళ్లే.

యాకోబు రాహేలును మరచిపోలేదు. ఆమె సమాధి మీద స్తంభం నిలబెట్టాడు, బిడ్డకు వేరే పేరు పెట్టాడు. రెండూ చేశాడు. మీరూ రెండూ చేయవచ్చు. అయితే ఒక జాగ్రత్త. కరువులో మిగతా కొడుకులను ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు పంపిన ఆ తండ్రి, వీణ్ని మాత్రం భయంతో ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ భయం మీలో పెరగనివ్వకండి.

పేరు గురించి టెన్షన్ వద్దు. పేరు లేకుండా జననం నమోదు చేయించినా, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. అత్తగారితో వాదించకండి. ఎత్తుకోలేని చేతులే వాడి చొక్కాలు మడతపెడుతున్నాయి, చూశారా? కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఆవిడ. రేపు స్నానం వేళకు బాబును తీసుకుని దగ్గరికెళ్లండి. "కాళ్లమీద పడుకోబెట్టి నీళ్లు పోయడం నాకు చేతకావడం లేదు అత్తయ్యా, కాస్త చూపించరా" అని అడగండి.