మా అమ్మాయి రిపోర్టులు చదివించే పనిలో చేరతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. జర్నలిజం పూర్తి చేసింది. తాగునీటిలో ఫ్లోరైడ్ మీద ఒక స్వచ్ఛంద సంస్థ ప్రజల కోసం రిపోర్టు తెస్తోంది. దాన్ని జనంతో చదివించి, వాళ్లకు అర్థమవుతోందో లేదో పరీక్షించే పని తనకు వచ్చింది. ఎనిమిది నెలల కాంట్రాక్టు, నెలకు 25 వేలు. రెండు వారాల్లో టెస్టింగ్ ప్లాన్ ఇవ్వమన్నారట, ఎలా రాయాలో తెలీక టెన్షన్ పడుతోంది. నేనేమో ఆరు నెలల యూఎక్స్ డిజైన్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్లకు తేలిగ్గా ఉండేలా రూపొందించే పని) కోర్సుకు అడ్వాన్స్ కట్టేశాను. మా అన్నయ్య కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– నల్గొండ జిల్లా నుంచి ఒక తండ్రి

జవాబు: చుట్టాల పెళ్లిలో ఎవరైనా ‘అమ్మాయి ఏం చేస్తోంది?’ అని అడిగితే ఏం చెప్పాలో తోచకపోవడమే మీ అసలు బాధ అనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కాబట్టి ముందు దానికే జవాబు. ‘ప్రజల కోసం వేసే రిపోర్టులు ప్రజలకు అర్థమయ్యేలా చూస్తుంది’ అని చెప్పండి. ఇదేమీ కొత్తగా పుట్టించిన పని కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే, సమాచారం స్థానిక భాషలో, జనానికి తేలిగ్గా అందేలా ఉండాలని రాసి ఉంది. సులభమైన భాషకు 2023లో అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణం కూడా వచ్చింది. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో రికార్డులు ఊరి జనానికి చదివి వినిపించడం మీరూ చూసే ఉంటారు. మీ అమ్మాయి చేయబోయేది దానికి దగ్గరి చుట్టమే.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ఒక పరీక్షలో నేను పక్కన కూర్చున్నాను. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ నీటి పరీక్షల పట్టికలో తన ఊరి వరుస వెతుక్కుంది. ఎదురుగా ఫ్లోరైడ్ 1.2 అని ఉంది. కింద సన్నటి అక్షరాల్లో రెండు హద్దులు: లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 దాకా అనుమతి. భారతీయ ప్రమాణాల్లో ఉన్నవి ఆ రెండు అంకెలే, రాసినవాళ్లు తప్పు రాయలేదు. ఆమె వేలు 1.2 మీద నుంచి తియ్యకుండానే, ‘ఇంతకీ పిల్లలకు ఈ నీళ్లు పొయ్యాల్నా, వద్దా?’ అని అడిగింది. పరీక్ష చేస్తున్న అమ్మాయి నోరు విప్పలేదు. ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. తర్వాతి ప్రతిలో ఆ ఊరి వరుసలో ‘వేరే మంచినీళ్లు దొరికితే ఇవి తాగొద్దు’ అన్న వాక్యం చేరింది. అలా నోరు కట్టేసుకుని కూర్చోవడం ఏ కోర్సులోనూ అంత త్వరగా పట్టుబడదు.

ఇక మీరు అడ్వాన్స్ కట్టిన కోర్సు సంగతి. ఆ కోర్సు మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. యూఎక్స్ మంచి రంగమే. కానీ ఆరు నెలల కోర్సులు చేసి నా దగ్గరికొచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే తాము చేసిన పనుల నమూనాలు, తెరిస్తే అన్నీ ఒకే అచ్చు: ఒక ఫుడ్ డెలివరీ యాప్, ఒక ట్రావెల్ యాప్, ఊహించి రాసిన ఒక ‘యూజర్’. అసలు మనిషితో అరగంట కూర్చున్న జాడ ఉండదు. ఇప్పుడు యాప్ తెరలు గీసిపెట్టే పని ఏఐ టూల్స్ కూడా చేస్తున్నాయి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అన్నచోట కాగితం మీద ఏం రాసి ఉందో మీరు చదివారా? ఇంటర్వ్యూలకు పంపిస్తామనడం వేరు, ఉద్యోగం ఇప్పిస్తామనడం వేరు.

కాంట్రాక్టులో లోటు లేదని కూడా అనను. జీతం తక్కువ, ఎనిమిది నెలలయ్యాక మళ్లీ వెతుక్కోవాలి. కానీ అప్పటికి తన చేతిలో నిజంగా పరీక్షించిన రిపోర్టు ఉంటుంది, పరీక్షకు ముందు పేజీ, తర్వాత పేజీ పక్కపక్కన పెట్టి చూపించగలుగుతుంది. తర్వాత ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) చదవాలనుకుంటే ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, ఈ అనుభవం అక్కడా పనికొస్తుంది.

ఈ కింది మాటలు అమ్మాయికి. అమ్మా, ప్లాన్ మొదటి పేజీలో పద్ధతుల పేర్లు రాయకు. రిపోర్టు చేతికొచ్చాక ఎవరు ఏం చెయ్యగలగాలో రాయి. సర్పంచ్‌కు ఏ బోరు నీళ్లు ఆపించాలో తెలియాలి. ఆశా కార్యకర్త ఏ ఇళ్లకు వెళ్లి చెప్పాలో తేల్చుకోవాలి. అవే నీ పరీక్ష ప్రశ్నలు. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగకు, మనవాళ్లు మర్యాదకు ‘అయిందమ్మా’ అనేస్తారు. ‘మీ ఊరి నీళ్ల సంగతి ఇందులో వెతికి చెప్పండి’ అని పేజీలు చేతికిచ్చి, ఎక్కడ తడబడ్డారో చూడు.

ఎంతమంది కావాలంటే, ‘ఐదుగురు చాలు’ అని వాడుక పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ అన్న మాట వినే ఉంటావు. ఆ ఐదుగురూ ఒకే తరహా పాఠకులైతేనే ఆ లెక్క. సర్పంచ్‌లు ఐదుగురు, ఆశాలు ఐదుగురు అనుకో. వాళ్లతో ఒక విడత చేసి, రిపోర్టు సవరించి, కొత్తవాళ్లతో ఇంకో విడత పెట్టు. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, విన్నది వాళ్ల మాటల్లో చెప్పించు. కూలి మానుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి బడ్జెట్‌లో రాయి.

ఎవరైనా రీడబిలిటీ స్కోరు, అంటే రాసింది చదవడానికి ఎంత తేలికో చెప్పే అంకె, అడిగితే కంగారు పడకు. ఆ స్కోరు కట్టే ఫ్లెష్ సూత్రం 1948లో ఇంగ్లీషు కోసం కట్టింది, వాక్యాల పొడవు, మాటల పొడవు లెక్కపెడుతుంది. ‘తాగించాల్సివస్తోంది’ అంత పొడవున్నా పసివాడికి కూడా తెలిసిన మాట. ‘క్షారత’ మూడే అక్షరాలు, ఊళ్లో ఎంతమందికి తెలుసు?

ఫోన్‌లో కూడా పరీక్షించు, రిపోర్టు చాలామందికి వాట్సాప్‌లో పీడీఎఫ్‌గానే చేరుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేస్తే ఊరి పేరు కొట్టి వెతికినా దొరకదు. అన్నిటికన్నా ముఖ్యం తేదీ. విడుదలకు వారం ముందు పరీక్ష పెడితే తప్పులు తెలుస్తాయి గానీ దిద్దే టైము ఉండదు. ఆరు వారాలైనా అడుగు. మార్పులకు ఎవరు ‘సరే’ అనాలో ఆ పేరు కూడా ప్లాన్‌లో రాయించు.

మళ్లీ మీతో. అమ్మాయిని అడక్కుండా అడ్వాన్స్ కట్టడం తప్పు. ఆ డబ్బు పోతుందన్న బాధతో తన ఆరు నెలలు కూడా అందులో పొయ్యకండి, వాపసు అడిగి చూడండి, రాకపోతే వదిలెయ్యండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఎనిమిది నెలల కాంట్రాక్టు వల్ల ఎవరి జీవితమూ చెడిపోదు, ఆ భయం పెట్టుకోకండి. మీ ఉత్తరంలో సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఉన్నాడు, మీ అమ్మాయి ఏం రాస్తుందో, ఏది ఇష్టపడుతుందో ఒక్క ముక్క లేదు.

అసలు పరీక్షకు ముందు తను ఒక ట్రయల్ చేసుకోవాలి, దానికి మనిషి కావాలి. ఈ ఆదివారం మీరే కూర్చోండి. మీ జిల్లాకు ఫ్లోరైడ్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, పట్టికలో మీ ఊరు కూడా ఉండొచ్చు. వెతకండి, పైకి చదవండి, అర్థంకాని చోట ఆగి అర్థం కాలేదనే చెప్పండి. ‘బాగుందమ్మా’ అని మాత్రం అనకండి.